రాష్ట్రపతికి అధికారం ఉన్నట్టా, లేనట్టా?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతిదే అనే ఆర్టికల్ 53 చదివితే ఆయన రాజులా కనిపిస్తారు, మంత్రిమండలి సలహాపై నడవాలనే 74 చదివితే వట్టి సంతకం పెట్టే మనిషిలా కనిపిస్తారు, ఏది నిజం? మన ఓటు లేకుండా జరిగే ఆ ఎన్నికేంటి, అందులో మన ఎమ్మెల్యే ఓటు విలువ 159 అంటే ఏంటి? ప్రభుత్వం గాడి తప్పితే రాష్ట్రపతి ఆపలేకపోతే ఇంకెవరు ఆపుతారు? గ్రూప్-2 కోసం తిరుపతిలో రూము తీసుకుని చదువుతున్నానని కూడా రాశారు. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. ఈ మూడూ నాకు పాత చుట్టాలే.

రాష్ట్రపతి తిరుమల దర్శనానికి వస్తే రేణిగుంట రోడ్డులో ట్రాఫిక్ ఎలా ఆగిపోతుందో మీరూ చూసే ఉంటారు. ఒకసారి అలాగే ఆటోలో ఇరుక్కుపోయాను. కాన్వాయ్ పోతోంది, మేం ఇంజన్ ఆపేసి కూర్చున్నాం. డ్రైవర్ వెనక్కి తిరిగి, "సార్, మా ఈదిలో కాలవ పొంగతా ఉండాది. అంత పెద్ద మనిషికి చెప్తే చేపిస్తారా?" అన్నాడు. "అడగగలరు గానీ చేయించలేరయ్యా" అన్నాను. "అట్లయితే మా కార్పొరేటరే నయం" అన్నాడు. సగం సమాధానం అక్కడే అయిపోయింది. అయితే 'అడగగలరు' అన్న మాటను అతను అంత తేలిగ్గా తీసేయకుండా ఉండాల్సింది. రాష్ట్రపతి దగ్గర నిజంగా ఉన్నవి ఆ అడిగే హక్కు, దానితో పాటు వచ్చే కాస్త సమయం. వాటిని వాడుకున్నవాళ్లు ఉన్నారు, వదిలేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ముందు ఎన్నిక సంగతి. ఆర్టికల్ 54 ప్రకారం ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎన్నికైన ఎమ్మెల్యేలు. 'ఎన్నికైన' అనే మాట కింద గీత గీసుకోండి. రాజ్యసభలో నామినేట్ అయిన 12 మందికి ఓటు లేదు. ఎమ్మెల్సీలకూ లేదు. మా స్టాఫ్ రూములో ఒక సీనియర్ లెక్చరరే "మన టీచర్ ఎమ్మెల్సీ ఓటేస్తాడు కదా" అని పందెం కాసి అందరికీ కాఫీలు ఇప్పించాడు. ఢిల్లీ, పుదుచ్చేరి ఎమ్మెల్యేలకు 1992లో 70వ సవరణతో ఓటు వచ్చింది.

ఓటు విలువ చాలామందికి టెన్షన్ పెట్టే లెక్క గానీ, బోర్డు మీద వేస్తే రెండు నిమిషాల పని. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించాలి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. మన రాష్ట్రానికి తీసుకునే జనాభా 2,78,00,586. ఎమ్మెల్యేలు 175 మంది. భాగిస్తే సుమారు 1,58,860 వస్తుంది. వెయ్యితో భాగిస్తే 158, శేషం 860. శేషం 500కు తగ్గకపోతే ఒకటి కలపాలి కాబట్టి 159. ఇంత తక్కువ జనాభా ఏంటి అనుకుంటారు. అది 1971 జనాభా లెక్క. కుటుంబ నియంత్రణ బాగా అమలు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని ఆ లెక్కను అక్కడే ఆపేశారు. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడేదాకా అదే నడుస్తుంది. "మా నాయన అప్పటికింకా పుట్టలేదు సార్, ఆయన్ని వదిలేసి లెక్కేస్తారా" అని ఒక కుర్రాడు అడిగాడు. వదిలేసే వేస్తారు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 నియోజకవర్గాలు. 14ను 159తో గుణిస్తే 2,226. 2022 ఎన్నికలో ఒక్కో ఎంపీ ఓటు విలువ 700. అంటే కుప్పం నుంచి సత్యవేడు దాకా మన ఎమ్మెల్యేలందరూ కలిసినా ముగ్గురు ఎంపీల కంటే కాస్త ఎక్కువ. సరిహద్దుకు అటువైపున్న తిరుత్తణి ఎమ్మెల్యే ఓటు 176, ఎందుకంటే తమిళనాడు లెక్క వేరు. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7.

ఎంపీ ఓటుకు 700 ఎలా వచ్చిందంటే, దేశంలోని ఎమ్మెల్యేలందరి ఓట్ల విలువను కూడి మొత్తం ఎంపీల సంఖ్యతో భాగిస్తారు. 2022లో అది 5,43,231ని 776తో భాగించడం. అంతకుముందు 708 ఉండేది. జమ్మూకశ్మీర్‌లో అప్పుడు అసెంబ్లీ లేకపోవడంతో 700కు తగ్గింది. రాష్ట్రాలన్నీ ఒక పళ్లెంలో, పార్లమెంటు ఇంకో పళ్లెంలో పెట్టి తక్కెడ సమంగా తూగేలా చేసిన ఏర్పాటు ఇది. ఆ ఏడాది ద్రౌపది ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 విలువైన ఓట్లు పడ్డాయి.

పోలింగ్ రోజు ఈవీఎం ఉండదు. ఎంపీకి ఆకుపచ్చ బ్యాలెట్, ఎమ్మెల్యేకు గులాబీ రంగు బ్యాలెట్. సొంత పెన్ను పనికిరాదు, ఎన్నికల సంఘం ఇచ్చే ఊదా సిరా పెన్నుతోనే అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2 అని ప్రాధాన్యం వేయాలి. తెలుగు అంకె ౧ వేసినా చెల్లుతుంది గానీ 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే ఓటు చెల్లదు. రహస్య ఓటు, పార్టీ విప్ వర్తించదు. 2022లో బ్యాలెట్ పెట్టెలను రాష్ట్రాల నుంచి ఢిల్లీకి విమానంలో సీటు టికెట్ కొని మరీ తీసుకెళ్లారు. పెట్టె పేరు మీదే టికెట్!

రెండో ప్రాధాన్యం వేయడం దండగ అనుకునేవాళ్లకు నేను 1969 కథ చెబుతాను. అది మన జిల్లాకు దగ్గరి కథ కూడా. నీలం సంజీవరెడ్డి ఊరు అనంతపురం జిల్లాలోని ఇల్లూరు అయినా, 1955లో ఆయన అసెంబ్లీకి గెలిచింది శ్రీకాళహస్తి నుంచి. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఆయన నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే తర్వాత ఆత్మసాక్షి ప్రకారం ఓటేయమన్నారు. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ వి.వి.గిరికి తొలి ప్రాధాన్యంలో 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవాలంటే 4,18,169 కావాలి. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే వచ్చే కోటా అది. ఎవరికీ రాలేదు. కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరిని తీసేస్తూ వాళ్ల బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికి ఉందో చూసి పంచుకుంటూ పోయారు. చివరికి గిరి 4,20,077 దగ్గర ఆగారు, రెడ్డి 4,05,427 దగ్గర. కోటాను గిరి దాటింది 1,908తో. ఆ రోజు రాష్ట్రపతి ఎవరో తేల్చింది రెండో అంకె వేసినవాళ్లే.

ఆ ఎన్నికపై కేసు కూడా నడిచింది. రాష్ట్రపతి ఎన్నిక వివాదాలు ఆర్టికల్ 71 కింద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్తాయి. పదవిలో ఉన్న గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. నెగ్గారు.

సంజీవరెడ్డికి మళ్లీ తలుపు తెరుచుకుంది 1977లో. ఆ ఫిబ్రవరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఖాళీ అయిన ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలన్నది ఆర్టికల్ 62. మొత్తం 37 మంది నామినేషన్లు వేస్తే పరిశీలనలో 36 కొట్టేశారు, మిగిలింది ఈయన ఒక్కరే. ఇప్పుడైతే 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి, 15 వేలు డిపాజిట్ కట్టాలి. సరదాకు నామినేషన్ వేసే రోజులు పోయాయి.

ఇక అధికారాల మాట. సివిక్స్ పుస్తకంలో ఈ అధ్యాయం చదివితే గుండె ఝల్లుమంటుంది. సైన్యానికి సర్వాధిపతి, యుద్ధం, క్షమాభిక్ష, ఆర్డినెన్సులు, ఎమర్జెన్సీ, గవర్నర్ల నియామకం, లోక్‌సభ రద్దు. ఇవన్నీ 'రాష్ట్రపతి' పేరు మీదే ఉంటాయి. మీరు పుస్తకంలో ఆ మాట ఎక్కడ కనిపించినా పెన్సిల్‌తో పక్కన 'మంత్రిమండలి సలహాపై' అని రాసుకుంటూ పోండి. నూటికి తొంభై చోట్ల ఏ అనుమానమూ మిగలదు. మొదట్లో 74లో సలహాకు కట్టుబడాలని స్పష్టంగా లేదు. 1976లో 42వ సవరణ కట్టుబడాల్సిందే అంది. 1978లో 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరిచింది. సలహాను ఒక్కసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనవచ్చు. మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాలి.

మనమే నేరుగా ఎందుకు ఎన్నుకోవడం లేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. రాజ్యాంగ సభలో నెహ్రూ వాదన అదే. దేశమంతా తిరిగి కోట్ల ఓట్లు తెచ్చుకున్న మనిషిని తెచ్చి, నీకు సొంత అధికారం లేదు అని కుర్చీలో కూర్చోబెడితే పొసగదు. ప్రధానికీ రాష్ట్రపతికీ రోజూ పేచీయే. అమెరికా అధ్యక్షుడు అక్కడి ప్రభుత్వం నడిపే మనిషి, ఆ ఎన్నికతో దీన్ని పోల్చుకోకండి.

మిగిలిన పది చోట్ల సంగతి చెబుతాను, పరీక్షలో అడిగేదీ అవే, ఆలోచించాల్సినవీ అవే.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటనపై ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేశారు. అప్పటికి మంత్రివర్గం సమావేశమే కాలేదు, ప్రధాని లేఖ ఒక్కటే ఉంది. మంత్రులకు మర్నాడు తెల్లవారాక చెప్పారు. "మంత్రివర్గం నిర్ణయం ఏదీ" అని ఒక్క మాట అడిగి ఉంటే ఒక్క రాత్రయినా ఆగేది. అందుకే 44వ సవరణలో ఆర్టికల్ 352కు షరతు పెట్టారు, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రావాలని. రాజ్యాంగం మొత్తంలో 'కేబినెట్' అనే మాట కనిపించేది ఆ ఒక్క ఆర్టికల్‌లోనే.

అడిగినవాళ్లలో నాకు కె.ఆర్.నారాయణన్ అంటే గౌరవం. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ మంత్రివర్గం సిఫార్సు చేస్తే వెనక్కి పంపారు. వాళ్లు ఊరుకున్నారు. 1998లో బీహార్ విషయంలో వాజ్‌పేయి మంత్రివర్గానికీ అదే అనుభవం. రెండు వేర్వేరు ప్రభుత్వాలు, ఒకే ప్రశ్న. కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీల సభ్యత్వం పోకుండా చూసే లాభదాయక పదవుల బిల్లును 2006లో కలాం తిప్పి పంపారు. పార్లమెంటు మార్చకుండా మళ్లీ పంపింది, ఆయన సంతకం చేశారు. ఓడిపోయారని కొందరంటారు. నాకలా అనిపించదు, ఆ బిల్లు గురించి దేశమంతా మాట్లాడుకున్నది ఆ కొద్ది వారాల్లోనే. జైల్ సింగ్ మాత్రం 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లుపై సంతకం పెట్టలేదు, వెనక్కీ పంపలేదు. ఆర్టికల్ 111లో గడువు లేదు కదా, దాన్ని పాకెట్ వీటో అంటాం. గడువు సంగతి 2025లో మళ్లీ రేగింది. తమిళనాడు గవర్నర్ కేసులో, గవర్నర్లు పంపే రాష్ట్ర బిల్లులపై తేల్చడానికి సుప్రీంకోర్టు రాష్ట్రపతికి మూడు నెలల గడువు పెడితే, రాష్ట్రపతి ఆర్టికల్ 143 కింద కోర్టు అభిప్రాయం అడిగారు. నవంబరులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం అలాంటి గడువులు కోర్టులు విధించలేవంది. పాత మెటీరియల్‌లో ఇది ఉండదు, చూసుకోండి.

మన ఇంటి ఉదాహరణ కావాలంటే 2014. రాష్ట్ర సరిహద్దులు మార్చే బిల్లును ఆర్టికల్ 3 కింద రాష్ట్రపతి సంబంధిత అసెంబ్లీ అభిప్రాయానికి పంపాలి. విభజన బిల్లుపై చర్చకు ప్రణబ్ ముఖర్జీ జనవరి 23 దాకా గడువిచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి, మన పీలేరు ఎమ్మెల్యే కిరణ్‌కుమార్ రెడ్డి, ఇంకో నాలుగు వారాలు అడిగారు. వారం ఇచ్చారు. జనవరి 30న అసెంబ్లీ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అసెంబ్లీ అభిప్రాయం అడగాలంతే, దానికి పార్లమెంటు కట్టుబడక్కర్లేదు. కాబట్టి బిల్లు ఆగలేదు. ఆ రోజుల్లో మా కాలనీలో "రాష్ట్రపతి తలుచుకుంటే ఆపేస్తాడు" అని ఎంతమంది చెప్పారో! ఆయన చేతిలో ఉన్నది వారం రోజులు. ఇదే ఆర్టికల్ 3 కింద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసుకు పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. రాష్ట్రపతి కాబోయే సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది ఆ తిరుత్తణి వైపే, చిన్నప్పుడు చదివింది తిరుపతి మిషన్ స్కూల్లో.

సలహా ఇచ్చే మంత్రిమండలే గందరగోళంలో ఉంటే? అక్కడ మాత్రం రాష్ట్రపతి ఒంటరిగా నిర్ణయించాలి. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక సంజీవరెడ్డి చరణ్ సింగ్‌ను ప్రధానిని చేసి, సభలో బలం చూపమన్నారు. చరణ్ సింగ్ సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, లోక్‌సభ రద్దుకు సలహా ఇచ్చారు. జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్ తనకు అవకాశం ఇవ్వమన్నారు. సంజీవరెడ్డి 22న సభను రద్దు చేశారు. సభ విశ్వాసం ఒక్కనాడూ పొందని ప్రధాని సలహాకు అంత విలువ ఎందుకు ఇవ్వాలి, జగ్జీవన్ రామ్‌ను ఒకసారి పిలిచి చూడాల్సింది అని నా అభిప్రాయం. మా హెడ్ మాత్రం, బేరసారాలకు తెర దించారు, మంచి పనే అనేవారు. ఇద్దరం రిటైరయ్యాం, వాదన తెగలేదు. పరీక్షలో రెండు వైపులా రాయండి.

మూడో ప్రశ్న, ప్రభుత్వాన్ని అదుపు చేసేదెవరు. ఆర్టికల్ 75లో ఒక చిన్న వాక్యం ఉంది, మంత్రిమండలి ఉమ్మడిగా లోక్‌సభకు జవాబుదారీ అని. రాష్ట్రపతికి అని లేదు. అవిశ్వాస తీర్మానం, ప్రశ్నోత్తరాలు, బడ్జెట్ పద్దులు అన్నీ ఆ వాక్యం నుంచి పుట్టినవే. ఆర్డినెన్సుపై రాష్ట్రపతి సంతకం ఉన్నా, పార్లమెంటు కూర్చున్న ఆరు వారాల్లో ఆమోదం రాకపోతే అది పోతుంది. రాష్ట్రపతి పాలన ప్రకటన కూడా రెండు నెలల్లో రెండు సభల ఆమోదం పొందాలి. 1994 బొమ్మై తీర్పు తర్వాత కోర్టూ దాన్ని పరిశీలిస్తుంది, బలం తేల్చాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని ఆ తీర్పు చెప్పింది.

టీవీలో కనిపించని తనిఖీ ఇంకొకటుంది. ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) లెక్కలు తవ్వి నివేదిక రాష్ట్రపతికి ఇస్తారు, రాష్ట్రపతి దాన్ని పార్లమెంటు ముందు పెట్టిస్తారు. ఇక్కడ రాష్ట్రపతి పోస్ట్‌మ్యాన్ అనుకోండి, తప్పులేదు. ఆ నివేదికను పట్టుకుని అధికారులను పిలిపించి అడిగేది ప్రభుత్వ ఖాతాల సంఘం, మనం పీఏసీ అంటాం. లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది. మంత్రులు సభ్యులు కాకూడదు. 1967 నుంచి చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇస్తున్నారు. ఖర్చులో పొదుపు ఎక్కడ కుదురుతుందో చూసేది అంచనాల సంఘం, 30 మందీ లోక్‌సభవాళ్లే. అది 1950లో మొదలైనప్పుడు తొలి చైర్మన్ మన తిరుచానూరువారే, మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తర్వాత లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆయన స్పీకర్ అని మన పిల్లలకు తెలుసు, ఆ కమిటీ సంగతి తెలియదు.

రాష్ట్రపతినే తప్పించాల్సి వస్తే ఆర్టికల్ 61. ఆరోపణ రాజ్యాంగ ఉల్లంఘన అయి ఉండాలి. ఏ సభలోనైనా నాలుగో వంతు సభ్యులు సంతకాలు చేసి 14 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, రెండో సభ విచారించి అదే మెజారిటీతో తేల్చాలి. ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ సభ్యులకు ఇందులో ఓటు ఉంది, ఎన్నికలో ఓటున్న ఎమ్మెల్యేలకు ఇందులో లేదు. ఈ మెలికను పరీక్షవాళ్లు వదలరు. ఇంతవరకు ఎవరినీ అలా తొలగించలేదు.

ఇంకొక్క మాట. 'రాష్ట్రపతి ఏ బిల్లునైనా తిప్పి పంపవచ్చు' అని మీ నోట్సులో ఉంటే కొట్టేయండి. ద్రవ్య బిల్లును తిప్పి పంపడానికి లేదు. రాజ్యాంగ సవరణ బిల్లుకు 1971లో వచ్చిన 24వ సవరణ తర్వాత సమ్మతి ఇచ్చి తీరాలి. నేనే ఒక ఏడాది మొత్తం ఆ తప్పు చెప్పాను. చంద్రగిరి నుంచి వచ్చే ఒక అమ్మాయి రాజ్యాంగం పుస్తకం తెచ్చి, ఆర్టికల్ 111, 368 ఉన్న పేజీల్లో బస్సు టికెట్లు గుర్తు పెట్టి, క్లాసయ్యాక నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు బోర్డు మీద నేనే సరిదిద్దాను.